చివర వచ్చిన బండి

పోయిన వారం ఈ కథ ఆగేసరికి నేను ఫైర్ స్టేషన్ వెనక కంకర మీద వెల్లకిలా పడి ఉన్నాను. మనిషంత బరువున్న బొమ్మను ఈడ్చుకుంటూ గీత దాటించి, దాని పక్కనే కూలబడ్డాను. గడువు కంటే ముందే దాటించాను. గడియారం పట్టుకుని నిలబడ్డ చీఫ్ మెర్ల్ క్విగ్ నా ముఖం మీదికి వంగి, దేహదారుఢ్య పరీక్షలో నెగ్గానని చెప్పాడు. సంతోషంగా మాత్రం చెప్పలేదు. ఇంటర్వ్యూ రేపు పొద్దున అన్నాడు. బల్ల దగ్గర ముగ్గురు కూర్చుంటారనీ, అందులో ఒకరు ఆల్డెన్ స్ట్రోడ్ అనీ అన్నాడు. ఆ పేరు విన్నాక నాకు లేవబుద్ధి కాలేదు.

మధ్యలో వచ్చి కలిసినవాళ్ల కోసం నా సంగతి కొంచెం చెబుతాను. నా పేరు డెలియా హాస్కెట్. జూనిపర్ కౌంటీలో స్కూలు బస్సు నడుపుతాను. ఎక్కడైనా మంట లేస్తే ఫైరింజను ఎక్కుతాను. బస్సుకు జీతమిస్తారు, ఇంజనుకు ఇవ్వరు. తొమ్మిదేళ్లుగా నడుముకు పేజర్ తగిలించుకుని, అది కూసినప్పుడల్లా తింటున్నది వదిలేసి, స్నానం మధ్యలో వదిలేసి, ఒకసారైతే సొంత అక్క పెళ్లి మధ్యలో వదిలేసి పరిగెత్తాను. ఇన్నాళ్లకు మా పడమటి స్టేషనుకు జీతమిచ్చే ఉద్యోగం ఒకటి పడింది. ఒకటంటే ఒకటే. అది నాకు కావాలి. దాక్కుని ఆశపడటం నాకు చేతకాదు గనక అందరి ముందూ దరఖాస్తు పెట్టాను.

ఇక ఆల్డెన్ స్ట్రోడ్. కౌంటీ ఖర్చులు చూసే కమిషనర్. మూడు తరాలుగా నడుస్తున్న ఆయన పశువుల రాంచ్ మా కొండకు అవతల ఉంది. రెండేళ్ల క్రితం ఆగస్టులో వచ్చిన మంటల్లో ఆయన గేటు దగ్గర నలభై ఆవులు ఒకదాని మీద ఒకటి పడి కాలిపోయాయి. గేటు మూసి ఉంది కాబట్టి అవి బయటికి రాలేకపోయాయి. ఆ గేటు మూసింది నేనేనని ఈ కౌంటీలో ప్రతి ఒక్కరూ నమ్ముతారు. నేను తప్ప.

ఇంటర్వ్యూ రోజు పొద్దున, కోట్లు తగిలించే మేకుల దగ్గర చీఫ్ క్విగ్ నన్ను పట్టుకున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. పోటీలో ఉన్న రెండో మనిషి రాజధాని నగరం నుంచి వచ్చిన కుర్రాడు, పేరు బ్రైస్, కాగితాలు బాగున్నాయి కానీ మా దారులు తెలియవు అన్నాడు. తనకైతే నన్నే తీసుకోవాలని ఉందన్నాడు. అడ్డమల్లా స్ట్రోడ్ ఒక్కడేనట.

"ఆయన ఒక్క ప్రశ్నే అడుగుతాడు. ఏమడుగుతాడో నీకూ తెలుసు. ఆయనకు కావల్సింది ఒక్క సారీ. చెప్పెయ్ డెలియా. పొరపాటైందండీ, పొగలో తెలియలేదండీ అనెయ్. ముసలాయన తలూపుతాడు, ఉద్యోగం నీది."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే బ్రైస్ వస్తాడు. మన దారులన్నీ వాడికి నువ్వే చూపించాలి మరి."

ఆ చివరి మాట నవ్వుతూ అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. జీతం వాడికి, పక్కన కూర్చుని గేట్లు తెరిచే పని నాకు అన్నమాట. నా కోటు జేబు తడుముకున్నాను. అందులో ఎప్పుడూ ఒక చెక్క ముక్క ఉంటుంది. పొగ నిండిన ఇంట్లోకి వెళ్లేటప్పుడు వెనక తలుపు మూసుకుపోకుండా కింద దూర్చే ఆపు అది. ఇంజను ఎక్కే ప్రతి ఒక్కరి దగ్గరా ఉంటుంది. ఎందుకో తెలియదు, దాన్ని తీసి ప్యాంటు జేబులో పెట్టుకున్నాను.

గేట్ల గురించి ఇక్కడే చెప్పేయాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా దగ్గర ఊళ్లకంటే కంచెలు ఎక్కువ, కంచెలకంటే గేట్ల తగాదాలు ఎక్కువ. రివాజు మాత్రం చాలా తేలిక. తెరిచి ఉన్న గేటును తెరిచే ఉంచాలి, మూసి ఉన్న గేటును దాటాక మళ్లీ మూయాలి. పక్కన మనిషి ఉంటే బండి నడిపేవాడు దిగడు. పక్క సీట్లో ఉన్నవాళ్లే దిగి తెరవాలి, బండి దాటాక మూసి, దుమ్ములో పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కాలి. నలభై మంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని మంచులో కొండ దిగే బస్సు నడుపుతాను నేను. అయినా ఈ తొమ్మిదేళ్లలో ఇంజనులో నాకు దక్కింది పక్క సీటే. కౌంటీలో నేను దిగి తెరవని గేటు లేదు.

ఇంటర్వ్యూ స్టేషన్ వంటగదిలో పెట్టారు. మాకున్నది అదొక్కటే గది, మిగతాదంతా ఇంజన్లు నిలిపే షెడ్డు. చందాల కోసం ఆదివారాలు పాన్‌కేకులు వేసే పెద్ద పెనం గోడకు ఆనించి ఉంది. గది నిండా పాత కాఫీ వాసన, డీజిల్ వాసన. ఆ గది తలుపుకు బయటివైపు పిడి విరిగి ఏడాది దాటింది. కొత్తది వేయించమంటే బడ్జెట్ లేదన్నారు, అన్నది కమిషనర్ స్ట్రోడ్ గారే. కాబట్టి ఒకసారి మూసుకుంటే లోపలివాళ్లు లేచి తెరవాల్సిందే. ఎవరు తట్టినా లేచేది మామూలుగా నేను.

షెడ్డులో వాలంటీర్లంతా ఇంజను కడుగుతున్నారు. అది నిన్ననే కడిగిన ఇంజను. హోయిట్ కోల్వెల్ అయితే అద్దం ఒక్కచోటే తుడుస్తూ, చెవి మాత్రం వంటగది వైపు పెట్టాడు. నేను దాటుతుంటే, "ఏమడిగినా ఔననేసి వచ్చెయ్. మొదటి జీతంతో మాకందరికీ పంది పక్కటెముకలు కాల్చి పెట్టాలి," అన్నాడు. ఎముకలు కాదు, నీ చెవులు కాల్చి పెడతానని చెప్పి లోపలికి వెళ్లి తలుపు వేశాను.

బల్ల అవతల ముగ్గురూ కూర్చున్నారు. మధ్యలో చీఫ్. ఎడమవైపు పక్క కౌంటీ నుంచి వచ్చిన కెప్టెన్ ఇనెస్ బరగాన్. నెరిసిన జుట్టు బిగించి కట్టుకున్న గట్టి మనిషి. ఎవరి వైపూ మొగ్గని మనిషి ఒకరు బల్ల దగ్గర ఉండాలని ఆవిడను పిలిచారు. కుడివైపు స్ట్రోడ్. టోపీని బల్ల మీద బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టుకున్నాడు, ముందు కాఫీ కప్పు ఉంది. నా వైపు చూడలేదు. కిటికీలోంచి కంకర ఆవరణలో ఉన్న తన పికప్ వైపు చూస్తున్నాడు. దాని వెనక తొట్టిలో ఆయన ముసలి కుక్క పడుకుని ఉంది. ఆ మంటల్లోంచి ఆయనతో పాటు బయటపడ్డ కుక్క అదే.

మొదట చీఫ్ కాగితం చూసి ప్రశ్నలు చదివాడు. కొండవాలులో నీళ్ల ట్యాంకరు ఎలా నిలుపుతావు, గాలి తిరిగితే ఏం చేస్తావు, చెరువులోంచి నీళ్లు తోడేటప్పుడు పంపు నీళ్లు లాగడం ఆపేస్తే ఏం చూస్తావు. అన్నీ చెప్పాను. బరగాన్ మధ్యమధ్య ఏదో అడిగి తలూపింది. ఆవిడకు నా సమాధానాలు నచ్చుతున్నాయని తెలుస్తూనే ఉంది. నా గుండె కొంచెం కుదుటపడింది కూడా.

అప్పుడు స్ట్రోడ్ కిటికీ వైపు నుంచి తల తిప్పాడు.

"నేనడిగేది ఒకటే అమ్మాయ్. నా గేటు ఎందుకు మూశావు?"

కోపంగా అడగలేదు. అదే కష్టం. రెండేళ్లుగా రాత్రీ పగలూ అదే అడుక్కుంటున్న మనిషి గొంతు అది. చీఫ్ నా వైపు చూసి కళ్లతోనే చెప్పాడు, కానియ్, అనెయ్ అని. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో అనేద్దామనిపించింది. ఒక్క మాట. మళ్లీ ఎవరి ముందూ దరఖాస్తు పట్టుకుని నిలబడక్కర్లేదు. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. ఆ ఒక్క మాట అంటే ఇకమీదట ఈ స్టేషన్లో నేను వేసుకునే ప్రతి చొక్కా ఆ అబద్ధం మీదే వేసుకోవాలి. నాకు ఉద్యోగం కావాలి, నిజమే. అలా మాత్రం వద్దు.

లేచాను. చీఫ్ కంగారుపడ్డాడు, ఎక్కడికన్నాడు. తలుపు బార్లా తెరిచి, జేబులోని చెక్క ముక్క తీసి దాని కింద దూర్చి, కాలితో తన్ని బిగించాను. షెడ్డులో ఇంజను కడుగుతున్న చేతులన్నీ ఆగిపోయాయి.

"ఇప్పుడు చెబుతాను. రెండేళ్లుగా ఈ మాట నా వెనక అనుకున్నవాళ్లంతా బయటే ఉన్నారు. నా సమాధానం కూడా వాళ్లు వినాలి."

ఇది లోపలి వ్యవహారమని, తలుపు వేయమని చీఫ్ అన్నాడు. గేటు సంగతి అడిగింది మీరు, ఆ గేటు సంగతి కౌంటీ అంతటికీ తెలుసు, ఇందులో లోపలిదేముంది అన్నాను. ఇది బల్ల రివాజు కాదన్నాడు. బరగాన్ తన కుర్చీని తలుపు కనిపించేలా కొంచెం తిప్పుకుని, తనకు అభ్యంతరం లేదంది. స్ట్రోడ్ భుజాలు ఎగరేశాడు. తెరిచే ఉండనీ, అన్నాడు.

"మీ గేటు నేను మూయలేదండీ, స్ట్రోడ్ గారూ. నేను తెరిచాను. తెరిచి, పైపులు చుట్టే ఎర్ర పట్టీతో కంచె రాటకు బిగించి కట్టాను, గాలికి కూడా మూసుకోకూడదని. పట్టీ మీద నల్ల సిరాతో నా పేరుంది. ఈ మాట అప్పుడే చెప్పాను, కూడిన ప్రతిచోటా చెప్పాను. ఇది ఎన్నోసారో నాకే గుర్తులేదు."

"మరి ఆ పట్టీ ఏది?"

"నాకూ అదే కావాలి. మంట ఆరాక వెళ్లి వెతికాను. రాట దగ్గర బూడిద జల్లెడ పట్టాను. ఆ పట్టీకి ఇనప కొక్కెం ఉంటుంది, అది కాలదు. అక్కడ లేదు."

స్ట్రోడ్ కాఫీ కప్పును పక్కకు జరిపాడు.

"నీకేం తెలుసు గేట్ల సంగతి. మీ ఇంట్లో ఎప్పుడైనా ఒక ఆవు ఉందా, ఒక కంచె ఉందా? మీ నాన్న ట్రైలర్ ముందు కుక్కను కట్టే రాట కూడా లేదు."

బయట ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు తల దించుకునేదాన్నేమో. ఆ రోజు దించలేదు.

"లేదండీ. ట్రైలర్ పార్కులో పుట్టి పెరిగాను. గేటు మూయడం నాకు అలవాటుగా రాదు, గుర్తుపెట్టుకుని మూయాలి. ప్రతిసారీ మనసులో అనుకుని మరీ మూస్తాను, మీలాంటివాళ్లతో మాట పడకూడదని. ఆ రోజు కూడా అనుకునే చేశాను. ఆవులు బయటికి పోవాలి, కాబట్టి ఇది తెరిచే ఉండాలి అనుకుని కట్టాను."

అప్పుడు బరగాన్ చాలా మామూలుగా ఒక ప్రశ్న వేసింది. బయటి మనిషి కాబట్టి వేసింది. మా కౌంటీలో పుట్టినవాళ్లెవరికీ అది తోచలేదు. మా నియమం ప్రకారం జనమంతా దాటాకే ఇంజను దాటుతుంది, కాబట్టి అందరూ జవాబు తెలుసుననుకున్నారు.

"ఆ గేటు దాటిన చివరి బండి ఏది?"

"మా ఇంజనే. ఎప్పుడైనా అంతే కదా," అన్నాడు చీఫ్ క్విగ్. అవసరానికంటే గబగబా అన్నాడు.

"కాదు," అన్నాను.

చీఫ్ ముఖం ఎర్రబడింది. ఆ పొగలో ముందేదో వెనకేదో ఎవరికి గుర్తుంటుంది అన్నాడు. రెండేళ్ల క్రితం కూడా సరిగ్గా ఈ మాటే అని నా నోరు మూయించాడు. అప్పుడు ఆయన కెప్టెన్, ఆ రోజు ఇంజను నడిపింది ఆయనే, పక్క సీట్లో నేను. ఇంకా చీఫ్ కాలేదు, కావాలని మాత్రం ఉంది.

నేను ఆయన వైపు తిరిగి జరిగింది జరిగినట్టు చెప్పాను. స్ట్రోడ్ గారి భార్యను ముందే ఊళ్లోకి పంపేశారు. మేము ఇంటి ముందుకు వెళ్లి రమ్మంటే, వెనకే వస్తున్నాను పదండి, కుక్క కనిపించలేదు అన్నాడాయన. అంతలో రేడియోలో పిలుపు వచ్చింది. కొండకు ఈవల కోల్వెల్ వాళ్ల ఇంట్లో చంటిపిల్లతో కోడలు ఒక్కతే చిక్కుకుపోయిందని. ఇంజను అటు తిప్పాం. తెరిచి కట్టిన గేటులోంచి ఆగకుండా దాటాం, నేను దిగనే లేదు.

"మీరు వెళ్లిందాన్ని నేను తప్పుపట్టట్లేదు, చీఫ్. ఆ పిల్ల బతికింది. నేనే నడిపితే నేనూ అటే తిప్పేదాన్ని. కానీ పెద్దాయన్ని వెనక వదిలి వెళ్లామని ఒప్పుకోవడం మీకు కష్టమైంది. అందుకని ఇంజనే చివరిదన్నారు. ఇంజను చివరిదైతే గేటు మూసే పని పక్క సీటుదే. ఆ సీట్లో నేనున్నాను."

షెడ్డులో బకెట్ కింద పెట్టిన చప్పుడైంది. తలుపు అవతల హోయిట్ కోల్వెల్ నిలబడి ఉన్నాడు. చేతిలోని గుడ్డలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆ చంటిపిల్ల ఆయన మనవరాలు. ఆయన నా వైపు చూడలేదు, చీఫ్ వైపు చూశాడు. చీఫ్ కాగితాలు సర్దుకున్నాడు. సర్దిన కాగితాలనే మళ్లీ సర్దాడు.

స్ట్రోడ్ అడ్డంగా తలూపాడు. మొండితనం ఒక్కటే కాదు అది, భయం కూడా కనిపించింది నాకు.

"అబద్ధం. మీ ఇంజను నా వెనకే ఉంది. అద్దంలో చూశాను. దాని దీపాలు చూశాను. గేటు దాటిందాకా ఎర్రగా కనిపిస్తూనే ఉంది."

ఈ మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు నేను. ఆయన ఎవరితోనూ అని ఉండడు. రెండేళ్లుగా ఆయన దేన్ని పట్టుకుని వేలాడుతున్నాడో అప్పుడు అర్థమైంది. జాలేసింది. జాలేసిందని ఊరుకోలేదు.

"మీ వెనక ఉన్నది మేం కాదండీ. మేం అప్పటికే కొండ దిగిపోయాం. మీకు అద్దంలో కనిపించింది మంట."

ఆయన చేతులు బల్ల మీద నిశ్చలంగా ఉండిపోయాయి. పెద్ద చేతులు, వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి. బరగాన్ చాలా మెల్లగా, అయితే గేటు ఎవరు మూశారనుకుంటున్నావని నన్నడిగింది.

"నాకు తెలియదు. చూడలేదు. చూడనిది చెప్పను. నా మీద రెండేళ్లుగా అందరూ చేస్తున్నది అదే కదా, చూడనిది చెప్పడం."

స్ట్రోడ్ లేచాడు. గాలి కావాలి, అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. టోపీ తీసుకుని పెట్టుకున్నాడు, బల్ల చుట్టూ తిరిగి తలుపు దాకా నడిచాడు. గడప దగ్గర ఆగాడు. ఆయన కళ్లు ఎక్కడో ఉన్నాయి, ఈ గదిలో అయితే లేవు. మోకాళ్లు పట్టేసిన మనిషి, వంగడం కష్టం. అయినా ఒక చేత్తో తలుపు చట్టం పట్టుకుని వంగి, కింద బిగించిన నా చెక్క ముక్కను పీకాడు. దాన్ని పక్కన అలమర మీద, ఉప్పు డబ్బా పక్కన నెమ్మదిగా పెట్టాడు. గడప దాటాడు. దాటి, తలుపును తన వెనక లాగి, గొళ్లెం పడిన చప్పుడు వినిపించేదాకా మూశాడు.

గదిలో ముగ్గురం మిగిలాం. బరగాన్ ఆ చెక్క ముక్కను చూస్తోంది. చీఫ్ దాన్నే చూస్తున్నాడు. ఆ తలుపు తెరిచే ఉండాలని నేను అన్నప్పుడు, ఉండనీ అన్నది స్ట్రోడే. తెరిచి ఉన్నదాన్ని, తెరిచి ఉండాలని బిగించి ఉన్నదాన్ని, మనసు వేరేచోట ఉంటే ఆ చేతులు ఏం చేస్తాయో ముగ్గురం చూశాం. మూడు తరాలు గేట్లు మూసిన ఇంటి చేతులు అవి. మూయాలని అనుకోవాల్సిన అవసరం వాటికి లేదు.

"దేవుడా," అంది బరగాన్.

నాకు గెలిచానని అనిపించలేదు. ఆ నలభై ఆవుల్లో చాలావాటికి ఆయన పేర్లు పెట్టుకున్నాడని అందరికీ తెలుసు. కానీ ఆ బరువు నాది కాదు. రెండేళ్లు నేను మోశాను, ఇక మోయను. ఇది గట్టిగా అనలేదు. కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను.

అవతల బూట్ల చప్పుడు షెడ్డు దాటి పోయింది. ఏమైందని ఎవరో అడిగారు, ఆ చప్పుడు ఆగలేదు. కాసేపటికి కిటికీలో కనిపించాడు. కంకర మీద నడుచుకుంటూ తన పికప్ దగ్గరికి వెళ్లాడు. వెళ్లిపోతాడనుకున్నాను. ఎక్కలేదు. తలుపు తీసి, సీటు వీపును ముందుకు వంచి, వెనకున్నవన్నీ బయటికి లాగడం మొదలుపెట్టాడు.

పశువులు పెంచేవాళ్ల బండి సీటు వెనక ఏముంటుందో మా దగ్గర ఎవర్నడిగినా చెబుతారు. తాడు ముక్కలు, గడ్డిమోపుల దారాలు, తెగిన కళ్లేలు, తీగ చుట్టలు. కట్టడానికి పనికొచ్చేది ఏదైనా సరే, చేతికి దొరికితే సీటు వెనక్కి విసరడమే. పారేయరు. ఆయన అవన్నీ ఒక్కొక్కటే కంకర మీద పడేస్తున్నాడు. కుక్క లేచి నిలబడి తొట్టిలోంచి చూస్తోంది. హోయిట్, మిగతావాళ్లు షెడ్డు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు.

చివరికి ఆయన చెయ్యి ఆగింది. నడుం వంచి సగం బండిలోకి దూరి ఉన్నాడు, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత నిటారుగా నిలబడ్డాడు. మాకు వీపు చేసి నిలబడ్డాడు కాబట్టి చేతిలో ఏముందో సరిగ్గా కనిపించలేదు. పిడికిట్లోంచి కిందికి జారిన కొస మాత్రం కనిపించింది. ఎండకు వెలిసిపోయి ఉంది. అయినా ఎరుపే.

మా ఆవరణలో, పికప్‌కు షెడ్డుకు మధ్య చెత్త కాల్చే ఇనప పీపా ఉంది. పొద్దున వేసిన కాగితాలు అందులో ఇంకా పొగలేస్తున్నాయి. స్ట్రోడ్ మా వైపు నడిచి వస్తూ దాని దగ్గర ఆగాడు. పీపాలోకి చూశాడు. కిటికీ వైపు చూశాడు. నేను కళ్లు తిప్పుకోలేదు. నన్ను చూశాడో లేదో నాకు తెలియదు. తర్వాత ఆయన కదిలాడు. కిటికీ చట్రం అక్కడితో అయిపోయింది, ఆ చెయ్యి ఎటు పోయిందో నేను కూర్చున్న చోటికి కనిపించలేదు.

"మెర్ల్, గేటు ఆయనే మూశాడని మీకు ముందే తెలుసా?" అని బరగాన్ చీఫ్‌ను అడిగింది.

తలుపు తట్టిన చప్పుడైంది.

చీఫ్ నా వైపు చూశాడు. పాపం, అలవాటు. తొమ్మిదేళ్లుగా ఆ తలుపు ఎవరు తట్టినా లేచింది నేను, ఏ గేటు అడ్డొచ్చినా దిగింది నేను. నా కాళ్లు కూడా లేవబోయాయి, అబద్ధమెందుకు. వాటిని ఆపి, కుర్చీని బల్ల దగ్గరికి ఇంకొంచెం జరుపుకున్నాను.

"తర్వాతి ప్రశ్న అడగండి, చీఫ్."

మళ్లీ తట్టారు. ఈసారి నెమ్మదిగా. తలుపు అవతల నుంచి స్ట్రోడ్ గొంతు వినిపించింది. నేను ఎరిగిన గొంతు కాదది.

"మెర్ల్. ఆ అమ్మాయిని లేపకు. నువ్వే వచ్చి తియ్."

మెర్ల్ క్విగ్ రెండు అరచేతులూ బల్ల మీద ఆనించాడు. లేవలేదు.